బిర్చ్ చెట్టు పైనుంచి ఎండుతోందంటే

జూలైలో చెట్టంతా పచ్చగానే ఉంటుంది, కొసన మాత్రం రెండు మూడు కొమ్మలు ఆకుల్లేక బోసిగా కనిపిస్తాయి. కింది ఆకుల మీద గోధుమరంగు మచ్చలు, చెట్టు కింద ఆపిన కారు మీద జిగురు. చూసినవాళ్లెవరైనా ముందు కంగారు పడేది ఆ మచ్చల్నీ జిగురునీ చూసే. షాపుకెళ్లి ఏదో ఒక స్ప్రే తెచ్చి ఆకులన్నీ తడిసేలా కొడతారు, పై కొమ్మల్ని మాత్రం "చలికి దెబ్బతిన్నట్టున్నాయి, వచ్చే ఏడు చిగురిస్తాయిలే" అని వదిలేస్తారు. బిర్చ్ విషయంలో ఈ లెక్క పూర్తిగా తలకిందులు. మచ్చలూ జిగురూ ఈ చెట్టుని చంపడం చాలా అరుదు. ఎండిన ఆ రెండు కొమ్మల్నే ముందు పట్టించుకోవాలి.

అమెరికాలో ఒహాయో, మిషిగన్, మిన్నెసోటా, న్యూజెర్సీ వైపు ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్లలో చాలామందికి ఈ చెట్టు ముఖపరిచయం ఉంటుంది. పాత ఓనరు ఎప్పుడో నాటి వెళ్లిన తెల్ల కాండాల గుబురు, ఇంటి ముందు లాన్ మధ్యలో. పేరు పరాయిగా అనిపిస్తుంది గానీ పరాయిది కాదు. బిర్చ్ అన్న మాటా, మన పుస్తకాల్లో కనిపించే భూర్జం అన్న మాటా ఒకే పాత మూలం నుంచి చీలినవి. భూర్జపత్రం అంటే ఆకు అనుకుంటాం, నిజానికి అది హిమాలయాల్లో పెరిగే ఒక బిర్చ్ రకం బెరడు. గణిత చరిత్రలో పేరున్న బక్షాలీ ప్రతిని రాసింది దానిమీదే.

చెట్టు స్వభావం తెలియకుండా జబ్బులు అర్థం కావు కాబట్టి ముందు ఆ సంగతి. బిర్చ్ చలిదేశపు చెట్టు. అడవి కాలిపోయిన చోట, నరికేసిన చోట అందరికంటే ముందు మొలిచి, గబగబా ఎదిగి, గబగబా ముసలిదైపోయే రకం. ఉత్తర అమెరికా అడవుల్లో పెరిగే తెల్ల బెరడు రకం, పేపర్ బిర్చ్, అరవై డెబ్బై ఏళ్లకే ముదిరిపోతుంది. మర్రీ చింతా లెక్కన తరాలు చూస్తుందనుకుంటే నిరాశే. వేర్లు నేల పైపొరల్లోనే పరుచుకుంటాయి, కాండానికి ఎండ తగిలినా పరవాలేదు గానీ వేర్ల దగ్గర చల్లగా, చెమ్మగా ఉండాలి. జూలై నెల సగటు ఉష్ణోగ్రత 21 డిగ్రీలు దాటే చోట పేపర్ బిర్చ్ తనంతట తాను పెరగడం అరుదు. అలాంటి చెట్టుని తీసుకొచ్చి నడి లాన్‌లో, పడమటి ఎండ నేరుగా కొట్టే చోట, చుట్టూ అందం కోసం తెల్ల గులకరాళ్లు పోసి నాటుతున్నారు. రాళ్లు వేడెక్కుతాయి, చుట్టూ ఉన్న గడ్డి పైపొరలో నీళ్లు పీల్చేస్తుంది, స్ప్రింక్లర్ పది నిమిషాలు తిరిగి గడ్డి మొదళ్లు తడిపి ఆగిపోతుంది. చెట్టుకి అసలు జబ్బు అక్కడే మొదలు, పురుగు తర్వాత వస్తుంది.

ఆ పురుగు పేరు బ్రాంజ్ బిర్చ్ బోరర్. సెంటీమీటరు అటూఇటూ పొడవుండే సన్నటి పెంకు పురుగు, ఒంటి మీద కంచు నిగారింపు. ఉత్తర అమెరికా అడవుల్లో పుట్టి పెరిగినదే, ఎక్కడినుంచో దిగుమతైంది కాదు. మే చివర, జూన్‌లో పెద్ద పురుగులు బయటికొస్తాయి, కాసిన్ని ఆకులు కొరుకుతాయి (దానివల్ల చెట్టుకి నష్టమేమీ లేదు), బెరడు పగుళ్లలో గుడ్లు పెడతాయి. గుడ్డులోంచి వచ్చిన పిల్ల నేరుగా బెరడు కిందికి దిగి, చెక్కకీ బెరడుకీ మధ్యనుండే పల్చటి జీవపొరని తింటూ పోతుంది. ఆకుల్లో తయారైన ఆహారం వేర్లకి దిగేది ఆ పొర గుండానే. ఒకటీ అరా పురుగైతే చెట్టు తట్టుకుంటుంది. పదుల కొద్దీ చేరితే కొమ్మ చుట్టూ ఉన్న దారులన్నీ తెగిపోతాయి. వేర్లు ఆకలితో చిక్కిపోతాయి, చిక్కిన వేర్లు పైకి నీళ్లు పంపలేవు, నీళ్లు అందడంలో అందరికంటే వెనకబడేది చిటారు కొమ్మే కాబట్టి ముందు అదే ఎండుతుంది. బలహీనమైన చెట్టులో పురుగు ఒక్క ఏడాదిలోనే పెద్దదవుతుంది, చెట్టు గట్టిగా ఉంటేనో చలి ఎక్కువుంటేనో రెండేళ్లు పడుతుంది.

ఎండిన కొమ్మ ఒకటి కోసి చేతిలోకి తీసుకుంటే కథ మొత్తం కనిపిస్తుంది. బెరడు మీద అక్కడక్కడా చిన్న చిల్లులుంటాయి. గుండ్రంగా ఉండవు, ఒక పక్క చదునుగా, ఒక పక్క వంపుగా, ఇంగ్లీషు డి అక్షరంలా ఉంటాయి, వెడల్పు అయిదు మిల్లీమీటర్లు మించదు. పెద్దపురుగు బయటికి దూకిన తలుపు అది, దాని ఒంటి అడ్డకోత ఆకారమే ఆ చిల్లుకి వస్తుంది. చాకుతో బెరడు లేపితే కింద చెక్క మీద వంకర టింకర గీతలు, అటు పోయి ఇటు తిరిగి మళ్లీ అటు, లోపల గోధుమరంగు పొట్టు గట్టిగా కూరి ఉంటుంది. అదృష్టముంటే (పురుగుది కాదు, చూసేవాళ్లది) కాళ్లు లేని తెల్లటి పురుగు కూడా దొరుకుతుంది, తల దగ్గర కాస్త వెడల్పుగా. ఇంకా బతికున్న కొమ్మల మీదైతే ఈ సొరంగాలు పైనుంచే తెలుస్తాయి, ఎందుకంటే చెట్టు గాయాన్ని పూడ్చుకునే ప్రయత్నంలో కొత్త కణజాలం పెంచుకుంటుంది, బెరడు కింద నరాలు ఉబ్బినట్టు అడ్డంగా గట్లు లేస్తాయి. బెరడు మీద తుప్పు రంగు మరకలు, వడ్రంగి పిట్ట పొడిచిన గుర్తులూ అదే మాట చెబుతాయి. చిక్కేమిటంటే మొదటి చిల్లులు పైకొమ్మల్లో పడతాయి, కింద నిలబడితే కనపడవు. బైనాక్యులర్స్‌తో చూడటం చాదస్తమేం కాదు.

మన జీడిమామిడి, మామిడి తోటల వాళ్లకి ఇది కొత్తగా అనిపించదు. కాండం తొలిచే పురుగు పడ్డ చెట్టు కూడా ఆకు పచ్చగా ఉండగానే లోపల బోలు అవుతుంది, పొట్టు బయటపడేసరికి సగం ఆట అయిపోయి ఉంటుంది.

ఈ పురుగు అన్ని బిర్చ్‌లనీ ఒకేలా చూడదు. ఒహాయోలో 1979లో రకరకాల బిర్చ్‌లు పక్కపక్కనే నాటి ఇరవై ఏళ్లు గమనించిన ప్రయోగం ఒకటుంది. యూరప్, ఆసియా నుంచి తెచ్చిన రకాలు, అంటే అందానికి పేరుపడ్డ యూరోపియన్ తెల్ల బిర్చ్ లాంటివి, మొదటి దశాబ్దం తిరక్కుండానే చచ్చిపోయాయి. అమెరికా రకాల్లో నాలుగింట మూడొంతుల పైగా చెట్లు ఇరవై ఏళ్ల తర్వాత కూడా నిలబడే ఉన్నాయి. కారణం సూటిగానే ఉంది. ఇక్కడి చెట్లూ ఈ పురుగూ వేల ఏళ్లుగా కలిసి బతికినవి, చెట్టుకి నీళ్లందినంత కాలం పురుగుని బెరడు కిందే అణచగలదు, కరువొస్తేనే ఓడిపోతుంది. 1988 కరువు తర్వాత గ్రేట్ లేక్స్ అనే పెద్ద సరస్సుల చుట్టూ స్థానిక పేపర్ బిర్చ్‌లు కూడా పెద్ద ఎత్తున పోయింది అందుకే. యూరోపియన్ చెట్టుకి మాత్రం ఈ పురుగు పూర్వపరిచయమే లేదు, కరువు లేకపోయినా ఓడిపోతుంది. మన హిమాలయన్ బిర్చ్ పాలలాంటి తెల్లదనం చూసి నర్సరీల్లో జాక్‌మాంటీ అన్న పేరుతో తెగ అమ్ముతారు, అదీ ఈ ఓడిపోయే జట్టులోదే. ఈ పురుగు ఉన్న రాష్ట్రాల్లో దాన్ని కొత్తగా నాటడమంటే డబ్బు పోసి పురుగుకి మేత కొనడం.

ఇదే లెక్క తిరగేస్తే యూరప్‌కి నిద్ర పట్టనిది. అక్కడి అడవుల్లో ఉన్న బిర్చ్‌లన్నీ తేలిగ్గా చచ్చే రకాలే. అమెరికా నుంచి వచ్చే కలపలోనో, ఇంధనం కోసం తెచ్చే చెక్క తునకల్లోనో ఈ పురుగు దాగి వస్తే ఏమవుతుందన్నది అక్కడి మొక్కల ఆరోగ్య విభాగాలకి పెద్ద టెన్షన్. ఉత్తుత్తి భయం కాదు. దీని దగ్గరి చుట్టం ఎమరాల్డ్ యాష్ బోరర్ ఆసియా నుంచి అమెరికా చేరి 2002లో డెట్రాయిట్ దగ్గర బయటపడింది, ఆ తర్వాత యాష్ చెట్లు కోట్లలో పోయాయి. కథ అదే, దిశ మాత్రమే వేరు.

మరి పట్టిన చెట్టుకి ఏం చేయాలి? పైన మూడో వంతు కంటే తక్కువ ఎండి ఉంటే ఆశ ఉంది. సగం దాటితే మందుల మీద డబ్బు పెట్టడం దండగ, ఎందుకంటే ఈ మందులు పనిచేయాలంటే చెట్టే వాటిని పైకి మోసుకెళ్లాలి, దారులు తెగిపోయిన చెట్టు ఏం మోస్తుంది? వాడే మందుల పేర్లు వింటే మన పల్లె పురుగుమందుల షాపే గుర్తొస్తుంది. వేర్ల దగ్గర నేలలో పోసేది ఇమిడాక్లోప్రిడ్, కాండంలోకి ఇంజెక్షన్‌లా ఎక్కించేది ఇమామెక్టిన్ బెంజోయేట్. పత్తి, మిరప రైతులకి రెండూ కంఠతా వచ్చు. ఇమిడాక్లోప్రిడ్ తేనెటీగలకి హాని కాబట్టి చెట్టు కింద పూలమొక్కలుంటే నేలలో పోయకూడదు, పైగా న్యూజెర్సీ లాంటి రాష్ట్రాల్లో ఈ జాతి మందుల్ని ఇళ్ల దగ్గర ఎవరికి వాళ్లు వాడకుండా ఆంక్షలున్నాయి. ఇంజెక్షన్ పని లైసెన్స్ ఉన్న చెట్ల నిపుణులది, సొంత ప్రయోగాలకి పనికిరాదు.

మందు కన్నా నీళ్లకే బిర్చ్ ఎక్కువ బాగుపడుతుంది. వానలేని వారాల్లో పైపు సన్నగా వదిలి, కొమ్మలు పరుచుకున్నంత మేరా, జానెడు పైగా లోతు తడిసేదాకా వారానికోసారి పెట్టాలి. రోజూ పైపైన చిలకరిస్తే ప్రయోజనం లేదు. చెట్టు చుట్టూ గడ్డి తీసేసి రెండు మూడు అంగుళాల మందాన చెక్కపొట్టు పరవాలి, కాండానికి ఆనించి కుప్ప పోయకుండా. కుప్ప పోస్తే బెరడు కుళ్లుతుంది, అమెరికా వీధుల్లో ఏ చెట్టు చూసినా ఈ తప్పే కనిపిస్తుంది. కొమ్మలు కత్తిరించే పని మే నుంచి ఆగస్టు దాకా పెట్టుకోకూడదు, పచ్చి గాయం ఆ పురుగుని పిలిచినట్టవుతుంది. చలికాలం చివర్లో కోస్తే కోసినచోట నీరు ధారగా కారుతుంది, చూడటానికి భయంగా ఉంటుంది గానీ చెట్టుకి దానివల్ల ఏమీ కాదు.

ఇక అందరూ కంగారు పడే ఆకుల సంగతి. ఆకు మీద ఎండినట్టు గోధుమరంగు పొక్కు ఉంటే ఆ ఆకుని తుంచి ఎండకేసి పట్టుకుని చూడాలి. రెండు పల్చటి పొరల మధ్య నల్లటి చుక్కలు, వాటి పక్కనే పారదర్శకంగా కదిలే చిన్న పురుగు కనిపిస్తే అది లీఫ్‌మైనర్. బత్తాయి ఆకుల మీద పాముపొడ చూసినవాళ్లకి దీన్ని గుర్తుపట్టడం కష్టం కాదు, కాకపోతే ఇక్కడ గీత బదులు మచ్చ ఉంటుంది. వసంతంలో మొదటి దఫా ఆకుల్లో సగం గోధుమరంగుకి తిరిగినా చెట్టు మళ్లీ చిగురిస్తుంది. ఈ పురుగు యూరప్ నుంచి వచ్చింది, 1923లో కనెక్టికట్‌లో దొరికింది, తర్వాత దశాబ్దాల పాటు ఉత్తర అమెరికా అంతటా తోటలవాళ్లని ఏడిపించింది. దీన్ని దారికి తెచ్చింది స్ప్రేలు కాదు. యూరప్‌లో దీనిమీద బతికే చిన్న కందిరీగ జాతి పురుగుని తెచ్చి వదిలారు. అది పోయి లీఫ్‌మైనర్ పిల్లలో గుడ్డు పెడుతుంది. అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో క్రమంగా బెడద తగ్గిపోయింది. కెనడాలోని ఎడ్మంటన్‌లో మరో జాతి లీఫ్‌మైనర్ మీద కూడా ఇలాంటి కందిరీగే 1990ల్లో పైచేయి సాధించింది, దాన్నే తర్వాత అలాస్కాకి పట్టుకెళ్లి ఆంకరేజ్‌లో వదిలారు. ఇప్పుడు ఆకు మచ్చ చూసి గుడ్డిగా స్ప్రే కొట్టేవాళ్లు ముందు చంపేది ఈ కందిరీగనే.

కారు మీద జిగురు పేనుబంక పని. బిర్చ్ ఆకుల అడుగున చేరి రసం పీల్చి, ఎక్కువైన తీపిని కిందికి వదులుతుంది. మామిడి పూత మీద తేనెమంచు పురుగు చేసేదీ ఇదే, దానిమీద నల్లగా మసి పట్టడమూ అంతే. అక్షింతల పురుగులు చేరితే వాటి పని అవి చూసుకుంటాయి. మరీ చిరాకైతే నీళ్ల పైపుతో గట్టిగా కొట్టి, కారుని ఇంకోచోట పెట్టుకోవడం ఉత్తమం. ఆగస్టు చివర ఆకు అడుగున పసుపు నారింజ పొడి కనిపిస్తే తుప్పు తెగులు, ఆకులు ముందుగానే రాలతాయి, పెద్ద చెట్టుకి అంతకుమించి ఏం కాదు. నర్సరీలో చిన్న మొక్కలకైతే పట్టించుకోవాల్సిందే.

ఆకు తినే పురుగు చంపదన్న మాటకి ఒక పెద్ద మినహాయింపు మాత్రం ఉంది, అది ఫిన్లాండ్ ఉత్తరపు కొసన. అక్కడ లాప్‌లాండ్ కొండల మీద పొట్టి బిర్చ్ తప్ప వేరే అడవి లేదు. ఆటమ్నల్ మాత్ అనే రెక్కల పురుగు గొంగళ్లు కొన్నేళ్లకోసారి పోటెత్తి ఆకు మిగల్చకుండా తింటాయి. 1965, 66 ప్రాంతంలో ఉత్సయోకి దగ్గర వందల చదరపు కిలోమీటర్ల అడవి అలా పోయింది, చాలామేర మళ్లీ లేవలేదు, ఎందుకంటే మోడు దగ్గర వచ్చిన చిగుళ్లని రెయిన్‌డీర్ మందలు మేసేశాయి. ఈ పురుగు గుడ్లు చలికాలమంతా కొమ్మల మీదే ఉంటాయి, చలి మైనస్ 36 డిగ్రీల కిందికి దిగితే చస్తాయి. అంటే గడ్డకట్టే చలే ఆ అడవికి కాపలా. చలికాలాలు మెత్తబడే కొద్దీ ఆ కాపలా సడలుతోంది. అంతకుముందు చేరలేని చోట్లకి మరో జాతి, వింటర్ మాత్, కూడా చేరింది.

బూజు జాతి జబ్బుల్లో చాలావరకు అంత్యక్రియలకి వచ్చేవే. కాండం నుంచి తెల్లటి గిట్టలా పొడుచుకొచ్చే బిర్చ్ పాలీపోర్ అనే పుట్టగొడుగు కనిపించిందంటే లోపల చెక్క గోధుమరంగు పొడిగా మారిపోతోందని అర్థం, చెట్టు ఎప్పుడైనా మధ్యకి విరగొచ్చు, ఇంటి మీదికి వాలేలా ఉంటే తీయించెయ్యాలి. 1991లో ఆల్ప్స్ మంచులో దొరికిన 5300 ఏళ్లనాటి మనిషి ఓట్జీ దగ్గర ఈ పాలీపోర్ ముక్కలు రెండు తోలు తాడుకి గుచ్చి ఉన్నాయి, మందుగా వాడేవాడని ఊహ. ఇంకొకటి ఛాగా, కాండం మీద కాలిన బొగ్గు గడ్డలా పుడుతుంది. ఆరోగ్య సంజీవని అంటూ పొడి చేసి అమ్ముతున్నారు. చెట్టుకైతే అది నిదానంగా దశాబ్దాల తరబడి చంపే పుండు, మనుషులకైనా దానిలో ఆక్సలేట్లనే లవణాలు చాలా ఎక్కువ, రోజూ తాగి కిడ్నీలు పాడుచేసుకున్న కేసులు వైద్య పత్రికల్లోకి ఎక్కాయి. వీటికి భిన్నం మొదళ్ల దగ్గర గుత్తులుగా వచ్చే తేనెరంగు పుట్టగొడుగు. అది బతికున్న వేర్ల మీదే దాడి చేస్తుంది, నేలలో నల్లటి షూ లేసుల్లాంటి తాళ్లు పంపి పక్క చెట్టుకి పాకుతుంది. ఎక్కువగా నీరసించిన చెట్లనే పట్టుకుంటుంది. కొమ్మల మధ్య పక్షిగూళ్లలా గుబురుగా పుల్లలు పెరిగితే మాత్రం నిశ్చింతగా ఉండొచ్చు, అదీ ఒక బూజు పనే, చెట్టుకి వికారమే తప్ప ప్రమాదం లేదు. యూరప్‌లో చలికాలం ఆకులు రాలాక చూస్తే చాలా చెట్లకి గూడు ఉన్నట్టే అనిపిస్తుంది.

స్కాట్లాండ్‌లో పాత అడవుల్ని తిరిగి పెంచే ఉత్సాహంలో నాటిన కుర్ర బిర్చ్‌లు కొసల నుంచి ఎండిపోవడం వేరే కథ. అక్కడ బోరర్ లేదు. బెరడుకి పుండ్లు తెచ్చే రెండు బూజులు దొరికాయి, నాటిన మొక్కలు దెబ్బతిన్నంతగా అదే కొండమీద విత్తనం రాలి మొలిచిన మొక్కలు దెబ్బతినలేదు. విత్తనం ఎక్కడినుంచి తెచ్చారు, ఎలాంటి నేలలో పెట్టారు అన్నదగ్గరికే మళ్లీ వస్తాం.

హిమాలయాల్లో మాత్రం భూర్జాన్ని పురుగు కన్నా మనుషులే ఎక్కువ తిన్నారు. గంగ పుట్టే గోముఖ్ దారిలో భోజ్‌బాసా అనే మజిలీ ఉంది, భోజ్ చెట్ల తావు అని అర్థం. ఇప్పుడక్కడ ఆగే యాత్రికుడికి ఆ పేరెందుకొచ్చిందో తెలియనంతగా చెట్లు తగ్గిపోయాయి. పొయ్యిల్లోకీ, గుర్రాల మేతకీ, బెరడు వలుచుకోడానికీ పోయాయి. పర్వతారోహకురాలు హర్షవంతి బిష్ట్ 1990ల్లో ఆ ప్రాంతంలో నర్సరీ పెట్టి భోజ్ మొక్కలు నాటించడం మొదలుపెట్టారు. అంత ఎత్తున ఒక్కో మొక్క మనిషి భుజం దాకా రావడానికే ఏళ్లు పడుతుంది.

మళ్లీ లాన్ దగ్గరికొస్తే, సగానికి పైగా ఎండిన చెట్టుని మే నెల రాకముందే తీయించాలి, బెరడు లోపలున్న పురుగులు ఆ నెలాఖరుకి బయటికొస్తాయి. కట్టెల్ని గ్యారేజీ పక్కన పేర్చి, ఫైర్‌ప్లేస్‌కి పనికొస్తాయిలే అని ఉంచుకోవడమూ పొరపాటే. బెరడుతో ఉన్న దుంగలోంచి కూడా పురుగు బయటపడుతుంది. వేసవిలోగా కాల్చెయ్యాలి, లేదా చిప్స్ కొట్టించెయ్యాలి. అదే చోట మళ్లీ బిర్చే కావాలనుకుంటే రివర్ బిర్చ్ ఉంది. బెరడు తెల్లగా ఉండదు, సాల్మన్ గులాబీ రంగులో కాగితం పొరల్లా ఊడుతుంటుంది, బోరర్ దాని జోలికి దాదాపు రాదు, వేడినీ తట్టుకుంటుంది. ఒక్కటే పేచీ, నేలలో సున్నం ఎక్కువైతే దానికి ఇనుము అందక ఈనెలు పచ్చగా, మిగతా ఆకంతా పసుపుగా మారుతుంది. నాటే ముందు మట్టి పీహెచ్ (ఆమ్లమా, సున్నమా చెప్పే లెక్క) చూపించుకుంటే చాలు, 6.5 దాటితే మొక్క మార్చుకోవచ్చు.